రేపటి సంది బంద్

గుండ్లపేటలో సలావుద్దీన్ చిచ్చాకు ఉన్నది ఒకటే జబ్బు. రోజూ సాయంత్రం మైకు పట్టుకుని, ఊరంతా వినపడేలా, "రేపటి సంది బంద్" అని, అంటే రేపటి నుంచి మూతేనని, చాటుతాడు. నిన్నా చాటాడు, మొన్నా చాటాడు. మూడేళ్ళుగా ఆ రేపు రానేలేదు. అయినా ఆయన గొంతులో కోపం ఒక్క పూట కూడా తగ్గలేదు. ప్రతి బంద్‌నూ అదే మొదటిదీ అదే ఆఖరిదీ అన్నంత ఆవేశంతో, మెడ నరాలు ఉబ్బేలా ప్రకటిస్తాడు. ప్రకటించి, మైకు కింద పెట్టి, చాయ్ తాగడానికి పోతాడు.

ఆయన బంద్ చేసేది స్కేటింగ్ రింకును. మల్యాలలో బస్సు దిగి పొలాల మధ్య నడిచి రావలసిన ఊళ్ళో స్కేటింగ్ ఏమిటని ఎవరికైనా నవ్వు రావచ్చు. ఆ నవ్వు చూస్తే మనీషాకు ఒళ్ళు మండుతుంది. కాబట్టి నవ్వేవాళ్ళు ఆమె లేనప్పుడు నవ్వుకోవడం మంచిది.

మనీషా ఆ ఊరి పోస్టాఫీసు చూసుకుంటుంది. పొద్దంతా ఉత్తరాలు, పింఛన్లు, వేలిముద్రలు పడని ముసలివాళ్ళ తగాదాలు. సాయంత్రం పిల్లలు. ఎప్పుడో టీవీలో మంచు మీద జారుతూ ఆడే ఆట చూసి, మన పిల్లలకు ఇదెందుకు ఉండకూడదని ఆమెకు కోపం వచ్చింది. ఆమెకు ఏ మంచి ఆలోచన వచ్చినా కోపం రూపంలోనే వస్తుంది. మంచు ఎక్కడ తెస్తావని ట్రాక్టరు నడిపే సారయ్య అడిగాడు. ఆ చుట్టుపక్కల మంచుగడ్డ కనిపించేది కోరుట్లలో చేపలమ్మే చోటే. సరే, మంచు లేకపోతే సిమెంటు ఉంది కదా అనుకున్నారు. వడ్లు ఆరబోయడానికి ఊరి చివర వేసిన కల్లం కోతలప్పుడు తప్ప మిగతా కాలమంతా ఖాళీగా, కుక్కలు పడుకోవడానికే పనికొచ్చేది. దాన్నే రింకు చేశారు.

చేసింది ముగ్గురు. సారయ్య ట్రాక్టరుకు నీళ్ళ ట్యాంకరు తగిలించుకొచ్చి కల్లం కడుగుతాడు. మొదట్లో మంచు సంగతి అడగడం తప్ప ఆయన ఆ తరువాత పెద్దగా మాట్లాడింది లేదు, దేనికైనా "ఊఁ" అంటాడు. సలావుద్దీన్ చిచ్చాకు టెంట్ హౌస్ ఉంది. పెళ్ళిళ్ళకు ఇచ్చే దిండ్లు, పరుపులు తెచ్చి కల్లం చుట్టూ పేరుస్తాడు. ఆగడం రాని పిల్లలు వెళ్ళి పెళ్ళికొడుకు ఆనుకునే మఖ్మల్ దిండుకు గుద్దుకుని ఆగుతారు. లైట్లు ఆయనవే, మైకు ఆయనదే, కోపం కూడా ఆయనదే. మిగిలిన పనంతా మనీషాది.

స్కేట్లు కోరుట్ల నుంచి వచ్చాయి. అక్కడ స్కేటింగ్ నేర్పుతూ నేర్పుతూ విసుగెత్తి మానేసిన ఒకాయన, తన దగ్గరున్నవన్నీ గోనెసంచుల్లో కుక్కి పంపాడు. విప్పి చూస్తే ఎడమకాలివి ఎక్కువ, కుడికాలివి తక్కువ. మొదటి ఏడాదంతా గుండ్లపేట పిల్లలు ఒక కాలికే చక్రం కట్టుకుని, ఎడమవైపుకే తిరిగారు.

ఇక బంద్ సంగతి. పిల్లలు ఇంకా వచ్చి ఉండరు. సారయ్య కడిగిన నేల ఇంకా ఆరి ఉండదు. చిచ్చా వంగి కల్లమంతా ఒకసారి తిరుగుతాడు. ఎక్కడో ఒక వడ్లగింజ దొరుకుతుంది. చక్రం కింద గింజ పడితే పిల్ల బోర్లా పడుతుంది, ఆ మాట నిజమే. ఆ గింజను వేళ్ళ మధ్య పట్టుకుని, దొంగను పట్టుకున్నట్టు మైకు దగ్గరికి నడుస్తాడు.

"గిదేంది? గిది గింజ గాదా? గిట్లనేనా ఊడ్చుడు? నేనొక్కన్ని పిచ్చోన్నా ఈ ఊర్ల? బస్. ఇయ్యాల్టితోని ఖతం. రేపటి సంది బంద్."

మనీషా పోస్టాఫీసు తాళం చేతిలో పట్టుకునే పరుగెత్తుకొస్తుంది.

"ఎవరు చెప్పిండ్రు చిచ్చా బంద్ అని? తెరవకముందే మూస్తరా ఎవరన్న?"

"నేను చెప్పిన. మైకు నాది."

"మైకు నీదైతే కల్లం నీదా? ఊరిది కల్లం."

"అయితే ఊరినే ఊడ్చుకోమను. నాతోని గాదు. రేపటి సంది బంద్."

"రోజు గిదే లొల్లి. నీకు సిగ్గు లేదు చిచ్చా, నాకన్న ఉన్నది."

ఈ గొడవ జరుగుతున్నంతసేపూ మైకు ఆన్‌లోనే ఉంటుంది. ఊళ్ళో బియ్యం కడుగుతున్నవాళ్ళూ, బర్రెకు కుడితి పెడుతున్నవాళ్ళూ అంతా వింటారు. చిచ్చా ఆ గింజను చొక్కా జేబులో వేసుకుంటాడు. వాళ్ళింట్లో బట్టలు ఉతికినప్పుడల్లా ఆ జేబులోంచి గింజలు నాని బయటికొస్తాయని, ఒకసారి మొలకెత్తిందని కూడా చెప్పుకుంటారు.

ఆయన బంద్ చేయనిది ఏదీ మిగల్లేదు. ఆదివారం పిల్లలకు తెర మీద వేసే సినిమాను బంద్ చేశాడు. వాలీబాల్‌ను బంద్ చేశాడు. ఏడాదికి ఒక్కసారి జరిగే ముగ్గుల పోటీలో బహుమతులు ఇచ్చే సమయానికి, ఎవరో ఆయన వైరు మీద ముగ్గు పోశారని, "రేపటి సంది ముగ్గులు బంద్" అన్నాడు. మర్నాడు ముగ్గుల పోటీ ఎలాగూ లేదు, ఆ సంగతి ఆయనకు ఎవరు చెబుతారు. అన్నిటికంటే ఘోరం సొంత బిడ్డ అతియా పెళ్ళిలో జరిగింది. షామియానా తాడు ఎవరో వదులు చేశారు. చిచ్చా మైకు అందుకుని, వచ్చిన బంధువులందరికీ సలాం చెప్పి, భోజనం చేసి వెళ్ళమని బతిమాలి, అదే ఊపులో, "రేపటి సంది పెండ్లిళ్ళు బంద్" అన్నాడు. సిరిసిల్ల నుంచి వచ్చిన మగపెళ్ళివారు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

తమాషా ఏమిటంటే, నిజంగా బంద్ అయ్యే రోజు మాత్రం ఆయన ఆ మాట అనడు. కోతలు మొదలై, కల్లం నిండా వడ్లు పోసేసి, స్కేట్లు సంచుల్లోకి వెళ్ళిపోయిన రోజు ఎవరైనా పిల్ల వచ్చి దిగులుగా నిలబడితే, "ఎవడన్నడు బంద్ అని? వడ్లు ఎత్తంగనే మొదలు, పో" అని కసురుతాడు. ఇది మనీషా ఎన్నోసార్లు చూసింది. చూసినా ఆలోచించలేదు, కోపంలో ఉన్న మనిషికి ఆలోచన ఎక్కడిది.

ఆ కోపం కట్టలు తెంచుకున్న రోజు ఒకటి వచ్చింది. జగిత్యాలలో స్కేటింగ్ నేర్పే కోచ్ మేడం ఒకామె ఉంది. ఆమె వెంట పడి, బతిమాలి, ఫోన్ల మీద ఫోన్లు చేసి, సోమవారం సోమవారం వచ్చి పిల్లలకు నేర్పేలా మనీషా ఒప్పించింది. వచ్చే ఆదివారం కోరుట్లలో రిలే పోటీ ఉంది, నలుగురు ఆడపిల్లల జట్టు, సిరిసిల్ల జట్టు కూడా వస్తోంది. ఒక్కసారైనా సరైన మనిషి పిల్లలకు మలుపు తిరగడం నేర్పితే చాలని మనీషా ఆశ. మేడం స్కూటీ మీద పొలాల మధ్య దుమ్ము తింటూ కల్లం దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే చిచ్చాకు గింజ దొరికింది.

మేడం స్కూటీ దిగను కూడా లేదు. బంద్ అన్న మాట చెవిన పడింది, అటునుంచటే తిప్పుకుని వెళ్ళిపోయింది. మనీషా పోస్టాఫీసు నుంచి వచ్చేసరికి రోడ్డు మీద దుమ్ము ఒక్కటే ఉంది. ఫోన్ చేస్తే, "బంద్ అయితే ముందే చెప్పాలి కదండీ, అంత దూరం వచ్చాను" అని పెట్టేసింది.

మనీషా ఆ రోజు అరవలేదు. మైకు వైరు పీకి, చుట్టచుట్టి, తన సంచిలో వేసుకుంది.

"చిచ్చా, ఇగ నువ్వు ఆ మాట అనద్దు. అంటే నాకు నీకు మాటల్లేవు. మా నాయిన మీద ఒట్టు."

చిచ్చా ఆమె ముఖం చూశాడు. ఏదో చెప్పబోయాడు. జేబులో గింజలు తడుముకున్నాడు.

"సరే బిడ్డా, అన. నువ్వే చూసుకో."

మర్నాడే మనీషా జగిత్యాల వెళ్ళి రేకు బోర్డు రాయించుకొచ్చింది. నీలం మీద తెల్లక్షరాలు. "గుండ్లపేట స్కేటింగ్ రింకు. ప్రతిరోజూ సాయంత్రం. ఏడాది పొడవునా తెరిచి ఉండును." సారయ్య కల్లం గోడకు మేకులు కొట్టి బిగించాడు. ఎలా ఉందని అడిగితే "ఊఁ" అన్నాడు. మనీషాకు మూడేళ్ళలో మొదటిసారి కడుపు చల్లబడింది.

ఆ సాయంత్రం మైకు లేదు. గొడవ లేదు. లైట్లు వెలిగాయి, దిండ్లు పేర్చి ఉన్నాయి. మగపిల్లలు వచ్చారు, అరుచుకుంటూ తిరిగారు. ఆడపిల్లలు ఒక్కరూ రాలేదు.

రిలే జట్టులో ఉన్నది ఫౌజియా, సంజన, ఆటో నడిపే హన్మండ్లు కవల కూతుళ్ళు ఇద్దరు. నలుగురూ లేరు. జ్వరాలేమో అనుకుంది మనీషా. నలుగురికీ ఒకేసారి జ్వరం రాదు కదా అని మళ్ళీ అనుకుంది. రెండో రోజూ రాలేదు. మూడో రోజు గురువారం. చిచ్చా ఒక దిండు మీద కూర్చుని, జేబులో గింజలు వేళ్ళతో కలుపుకుంటూ, నోరు విప్పకుండా చూస్తున్నాడు. ఆయన మౌనం చూస్తుంటే మనీషాకు ఆ బంద్ కంటే ఎక్కువ చికాకు పుట్టింది. ఇళ్ళకే వెళ్ళి తేల్చుకుంటానని బయలుదేరింది.

కల్లానికి ఎదురుగా ఉన్న పెద్ద గడప పురుషోత్తం రావుది. ఒకప్పుడు ఊరంతా ఆ గడప ముందు చెప్పులు విప్పేది. ఇప్పుడు ఆయనకు జగిత్యాలలో ఎరువుల వ్యాపారం, మోకాళ్ళ నొప్పులు, సంజన అనే మనవరాలు ఉన్నాయి. ఆయన రోజూ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని గోడవతల కూర్చుని స్కేటింగ్ చూసేవాడు. ఈ మూడు రోజులూ ఆ కుర్చీ కూడా లేదు.

"సార్, సంజన అస్తలేదు. ఆదివారం పోటీ ఉన్నది."

"నువ్వు బోర్డు పెట్టినవట గదమ్మా."

"పెట్టిన సార్."

"ఏడాది పొడుగున అని రాసినవట." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా ఇంటి ఆడపిల్ల ఏడాది పొడుగున చక్రాల మీద తిరుగుతదా? నలుగురు సదువుతరు ఆ బోర్డు. మా అన్నదమ్ములు సదువుతరు. ఏదో ఇయ్యాలొక్కరోజే, రేపటి సంది లేదట, పోనీ అనుకున్నం. నోటి మాటయితే సరే. రాసి గోడకు కొట్టినంక నేనేం జెయ్యాలె?"

లోపల రమాదేవి, అంటే ఆయన భార్య, సంజనకు జడ వేస్తోంది. జడ వేస్తూనే మనీషా వైపు కోపంగా చూసింది. చెడగొట్టింది నువ్వేనమ్మా అన్నట్టు ఉంది ఆ చూపు. సంజన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

మనీషా అక్కడినుంచి ఫౌజియా ఇంటికి వెళ్ళింది. ఫౌజియా నాన్న తౌసీఫ్ సౌదీలో ఉంటాడు. ఇంట్లో పెత్తనం దాదీమాది, అంటే నానమ్మ జమాలున్నీసాది. ఆమె మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"దాదీమా, ఫౌజియాను పంపుండ్రి. ఆదివారం పోటీ."

"ఏక్ దిన్ అని పంపిన. ఏక్ దిన్ అయిపోయింది."

"మూడేండ్ల సంది పంపుతున్నరు గదా."

"ఏంది మూడేండ్లు? రోజు ఏక్ దినే పంపిన." ఆమె చిక్కుడు నార లాగి పక్కన పడేసింది. "గా బోర్డు ఫొటో ఎవడో తీసి తౌసీఫ్‌కు వాట్సాప్ పంపిండు. వాడు అడిగిండు, ఏడాదంత పోతదా అమ్మా అని. నేనేం జెప్పాలె? నువ్వే చెప్పు."

హన్మండ్లు ఇంటికి వెళ్ళే అవసరం కూడా లేకపోయింది. హన్మండ్లే ఆటో ఆపి, "అక్కా, ఏడాది పొడుగున అంటే మా అవ్వ ఒప్పుకుంటలేదు" అని చెప్పి పోయాడు.

అప్పటికి మనీషాకు కొంచెం కొంచెం అర్థమవడం మొదలైంది. అర్థమైన కొద్దీ కోపం ఎక్కువైంది. సరాసరి టెంట్ హౌస్‌కు వెళ్ళింది. చిచ్చా తివాచీలు మడతపెడుతున్నాడు.

"చిచ్చా, ఆడపిల్లలు ఎందుకస్తలేరో నీకు ఎరుకనే గదా?"

"నాకేమెరుక. ఏడాది పొడుగున ఉన్నది గదా, ఎప్పుడన్న అస్తరు తీ."

"ఎక్కిరించకు. చెప్పు."

చిచ్చా తివాచీ పక్కన పెట్టాడు. పొగరుగానే మొదలుపెట్టాడు, ఎందుకంటే వినయం ఆయనకు చేతకాదు.

"మొదట్ల సంజన గోడకాడ నిలవడ్తుండె, యాదున్నదా? రోజు అచ్చుడు, చూసుడు, పోవుడు. లోపలికి రానియ్యకపోదురు. ఒకరోజు నాకు నిజంగనే కోపమచ్చింది. పోరగాండ్లు నా కొత్త దిండు చింపిండ్రు. రేపటి సంది బంద్ అన్న మైకుల. అనుడే ఆలస్యం, రమాదేవమ్మ దర్వాజల నిలవడి, పో బిడ్డా, రేపటి సంది లేదట, గీ ఒక్కరోజు పోయిరా అన్నది. గా పిల్ల ఎట్ల ఉరికచ్చిందో నువ్వు చూడలే. నన్ను తిట్టుడుల ఉన్నవ్."

మనీషా తివాచీల కట్ట మీద కూర్చుంది.

"తెల్లారి మల్ల గోడకాడనే నిలవడ్డది. నేను మల్ల బంద్ అన్న. మల్ల అచ్చింది. ఫౌజియా గట్లనే అచ్చింది. హన్మండ్లు పిల్లలు గట్లనే. ఆఖరు రోజు అంటే ఎవ్వలన్న కాదంటరా? నాకు గింజ దొరకని రోజు సుత ఉంటది బిడ్డా. జేబులకెళ్ళి తీసి నేనే పడేస్త."

"మరి నాకెందుకు చెప్పలే?" మనీషా లేచి నిలబడింది. "మూడేండ్లు. రోజు నా నోరు నొయ్యంగ కొట్లాడిన. నా బీపీ పెరిగింది. ఊర్ల అందరు నన్ను గయ్యాళి అంటున్నరు. ఒక్క మాట చెప్పద్దా?"

"చెప్తే నువ్వు కొట్లాడుతవా?" చిచ్చా ఆశ్చర్యంగా అడిగాడు. "నా ఒక్కని మాట ఎవడు నమ్ముతడు, రోజు అంటున్న. నువ్వు నిజంగ కొట్లాడుతవు గాబట్టే నమ్మిండ్రు. నిజంగనే బంద్ అయితుందేమో, గా పోస్టు పిల్ల గంత లొల్లి పెడ్తున్నది అంటరు. నువ్వు యాక్టింగ్ చేస్తే ఎవ్వనికన్న ఎరుకైతది. నీకు అబద్ధం రాదు."

ఇది పొగడ్తో తిట్టో మనీషాకు తెలియలేదు. దిండ్లు, లైట్లు, కుర్చీలు తెచ్చినట్టే ఆమె కోపాన్ని కూడా ఈ మనిషి తెచ్చి కల్లంలో వాడుకున్నాడు, అదీ ఆమెను అడక్కుండా. చెంప పగలగొట్టాలనిపించింది. దండం పెట్టాలని కూడా అనిపించింది. రెండూ చేయకుండా, సంచిలోంచి మైకు వైరు తీసి ఆయన ఒళ్ళో పడేసింది.

"రేపు మల్ల అను."

"నేనన. ఒట్టు పెట్టుకున్నవ్ గదా, మీ నాయిన మీద. నేను మాట తప్పేటోన్ని గాదు. నువ్వే అను."

శుక్రవారం సాయంత్రం మనీషా మైకు ముందు నిలబడింది. గొంతు సవరించుకుంది. "గ్రామ ప్రజలకు తెలియజేయునది ఏమనగా, స్కేటింగ్ రింకు రేపటి నుండి మూసివేయబడును." పింఛన్లు ఎప్పుడిస్తారో చెప్పినట్టు చెప్పింది. ఊళ్ళో ఒక్క తలుపు కదల్లేదు. సారయ్య కూడా "ఊఁ" అనలేదు. రెండోసారి కొంచెం గట్టిగా చెప్పింది. అదీ అంతే. ఆదివారం పోటీ, ఇవాళ రాకపోతే ఇక జట్టే లేదు. మనీషాకు ఏడుపొచ్చింది.

చిచ్చా మైకు స్టాండు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడు. తీరిగ్గా అడిగాడు.

"నీ బోర్డు ఏడున్నదో చూసినవా?"

మనీషా గోడ వైపు చూసింది. మేకులు ఉన్నాయి, బోర్డు లేదు.

"నిన్న రాత్రి ముత్యంపేటల వలీమా దావత్ ఉండె. నా ట్రాలీల అడుగు కారిపోతుంది. నీ రేకు మంచిగున్నది, మందం. బిర్యానీ డేగ్‌సాల కింద పరిచిన. జర మసి పట్టింది. అక్షరాలు పోయినయ్. సొట్ట సుత పడ్డది. అయినా అది గోడకన్న ట్రాలీలనే పనికస్తది."

మనీషాకు ఒళ్ళు భగ్గున మండింది. జగిత్యాల వెళ్ళి, ఎండలో నిలబడి, అక్షరం అక్షరం దగ్గరుండి రాయించుకున్న బోర్డు.

"నీకు బుద్ధున్నదా చిచ్చా? నువ్వు మనిషివేనా? గిట్లనే అన్నీ ఖరాబు చేస్తవ్. కోచ్ మేడంను ఎళ్ళగొట్టినవ్, నా బోర్డు బిర్యానీ కింద పెట్టినవ్. నాతోని గాదు ఇగ. స్కేటింగ్ లేదు, కల్లం లేదు, ఏం లేదు. ఇయ్యాల్టితోని ఖతం. రేపటి సంది బంద్. అన్నీ బంద్. నేను సుత బంద్."

అంటున్నంతసేపూ చిచ్చా మైకును ఆమె నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. ఆమె ఎటు తిరిగితే అటు తిప్పాడు. ఆమె ఆగి ఊపిరి తీసుకునేసరికి, ఎదుటి పెద్ద గడపలోంచి రమాదేవి గొంతు వినిపించింది.

"పోనీ పో బిడ్డా. నిజంగనే బంద్ అట. ఇయ్యాలొక్కరోజే గదా."

సంజన స్కేట్లు మెడలో వేసుకుని పరుగెత్తింది. ఆమె వెనక హన్మండ్లు కవలలు, జడలు సగం వేసుకుని. సందు చివర నుంచి ఫౌజియా. మగపిల్లలు పక్కకు తప్పుకున్నారు. చిచ్చా మైకు ఆపి, తృప్తిగా తలాడించాడు.

"గట్ల అనాలె. మొదట చెప్పినవే, అది బంద్ లెక్కనే లేదు."

పురుషోత్తం రావు కుర్చీ వచ్చింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా కూర్చుని, ఎవరూ అడక్కపోయినా, "ఆఖరు రోజు గదా, చూసిపోదామని అచ్చిన" అన్నాడు. మూడేళ్ళుగా ఆయన ఆఖరు రోజు చూసిపోవడానికే వస్తున్నాడు.

ఆ రోజు దాదీమా కూడా గోడ దాకా వచ్చింది. ఎప్పుడూ రానిది. కొంగు తల మీదికి లాక్కుని, మనవరాలు మలుపు తిరగడం చూస్తూ నిలబడింది. మనీషా ఇంకా రొప్పుతూనే ఆమె పక్కకు వెళ్ళింది.

"దాదీమా, మీరు సుత గిది నిజమే అనుకున్నరా?"

"నాకు చెవులు లెవ్వా? మూడేండ్ల సంది వింటున్న." ఆమె చూపు మనవరాలి మీదే ఉంది. "తౌసీఫ్ రోజు గీ టైముకే సౌదీ నుంచి ఫోన్ జేస్తడు. అమ్మా, ఫౌజియా ఏదంటడు. నాకు అబద్ధం చెప్పుడు రాదు బిడ్డా. ఇయ్యాల్నే ఆఖరట, రేపటి సంది బంద్ అట అంట. ఫోన్ల మైకు సుత వినవడ్తది, నువ్వు కొట్లాడేది సుత వినవడ్తది. నా మాటకు సాక్షం ఉంటది గదా."

"తౌసీఫ్ అన్న నమ్మిండా మరి?"

దాదీమా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు దాచుకోవడానికే.

"నిన్న ఫోన్ జేసి అడిగిండు. అమ్మా, రెండు మూడు రోజుల సంది మైకు వినవడ్తలేదేంది, సలావుద్దీన్ చిచ్చాకు పానం బాగలేదా అని."

ఆదివారం సారయ్య ట్రాక్టరు ట్రాలీలో అందరూ కోరుట్ల వెళ్ళారు. ఆఖరు రోజు శుక్రవారమే అయిపోయింది కదా అని ఎవరూ అడగలేదు, శనివారం మైకులో ఇంకో ఆఖరు రోజు వచ్చింది, ఆదివారం పొద్దున్నే మనీషా ఇంకొకటి ఇచ్చింది. ఒట్టు కూడా శనివారమే వెనక్కి తీసుకుంది. ట్రాలీలో కింద మసిబారిన రేకు, దాని మీద మఖ్మల్ దిండ్లు. దిండ్లెందుకని కోరుట్ల వాళ్ళు నవ్వారు. చిచ్చా ఎవరినీ పట్టించుకోకుండా వాళ్ళ నున్నటి నేల మీద వంగి గింజలు వెతికాడు. దొరకలేదు. ఆయనకు అది చాలా అవమానంగా తోచింది.

పరుగులో సిరిసిల్ల జట్టు మొదట వచ్చింది. గుండ్లపేట రెండో స్థానం. ఎడమ మలుపుల్లో మన పిల్లలను ఎవరూ అందుకోలేకపోయారు, కుడి మలుపులే దెబ్బతీశాయి. సంజన చివరి మలుపులో జారి, చిచ్చా పరిచిన దిండుకు గుద్దుకుని, లేచి, మళ్ళీ పరుగెత్తి గీత దాటింది. కోరుట్ల వాళ్ళు అప్పుడు నవ్వలేదు. పురుషోత్తం రావు కుర్చీలోంచి లేచి, మోకాళ్ళ సంగతి మరిచి, చప్పట్లు కొట్టాడు.

బహుమతులు ఇచ్చింది జగిత్యాల కోచ్ మేడమే. నలుగురు పిల్లల మెడలో పతకాలు వేసి, చొక్కాల మీద ఊరి పేరు చదివి, ఆగిపోయింది.

"గుండ్లపేటా? మీ రింకు బంద్ అయిపోయిందన్నారు కదా?"

మనీషా గబగబా పిల్లల పక్కకు వచ్చింది. చిచ్చా వైపు కళ్ళెర్ర చేసి, ఏదో ఒకటి సర్దిచెప్పడానికి నోరు తెరిచింది. ఈలోగా ఫౌజియా పతకం సర్దుకుంటూ, ఎంతో మర్యాదగా జవాబు చెప్పింది.

"ఔ మేడం. రేపటి సంది. మీరు రేపు రాండ్రి, చూద్దురు."